తారులోని అణువులు ఆలస్యంగా ఎందుకు వెలుగుతాయి? భిలాయ్ కోక్ బట్టీల నుంచి ‘విలంబిత ప్రతిదీప్తి’ దాకా

ఖుర్సీపార్ (భిలాయ్): ఉక్కు కర్మాగారాన్ని ఆనుకుని ఉన్న ఖుర్సీపార్‌లో రాత్రి ఆకాశం పూర్తిగా నల్లబడదు. 1955 ఫిబ్రవరి 2న భారత్, సోవియట్ యూనియన్ మధ్య కుదిరిన ఒప్పందంతో భిలాయ్ కర్మాగారానికి అంకురార్పణ జరిగింది. 1959 ఫిబ్రవరి 4న నాటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ నిర్మాణ కాలంలో శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి పనికోసం తరలివచ్చిన కుటుంబాల మూడో, నాలుగో తరాలవారు నేటికీ ఇక్కడ ఇంట తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ మాట్లాడుతూ జీవిస్తున్నారు. కోక్ బట్టీల మీదుగా గాలి వీచినప్పుడు వచ్చే ఘాటు వాసన వారికి చిరపరిచితమే. బట్టల బీరువాలో వేసే కలరా ఉండల వాసన, కొత్తగా పూసిన తారు వాసన, కాలిన రబ్బరు వాసన కలగలిసినట్టుండే ఆ వాసనలో రసాయనశాస్త్రపు ఒక పెద్ద అధ్యాయమే దాగి ఉంది.

బొగ్గును గాలి తగలకుండా వెయ్యి డిగ్రీల సెల్సియస్‌కు మించిన వేడిలో గంటల తరబడి మగ్గబెడితే కోక్ మిగులుతుంది. ఆ క్రమంలో వెలువడిన వాయువును చల్లబరచినప్పుడు నల్లని చిక్కని ద్రవం విడిపోతుంది. అదే బొగ్గు తారు. టన్ను బొగ్గుకు సుమారు 30 నుంచి 40 కిలోల తారు లభిస్తుంది. (నేటి ‘తారు రోడ్ల’కు వాడేది ఇది కాదు. అది ముడిచమురు నుంచి వచ్చే బిటుమెన్. పేరు మాత్రం పాతదే నిలిచిపోయింది.) తారును స్వేదనం చేస్తే నాఫ్తలీన్, ఆంత్రసీన్ తైలం, చివరగా పిచ్ అనే నల్లని ఘనపదార్థం వస్తాయి. ఆంత్రసీన్ తైలంలో ఆంత్రసీన్‌తో పాటు ఫినాంథ్రీన్, కార్బజోల్ వంటివి ఉంటాయి. ఇంకా బరువైన భాగాల్లో పైరీన్ ఉంటుంది. కర్బన పరమాణువులు ఆరేసి చొప్పున వలయాలుగా కూడి, ఆ వలయాలు ఒకదానికొకటి అతుక్కుని ఏర్పడిన అణువులివి. వీటినే ఆరోమాటిక్ అణువులంటారు. వాటిలో తొలుత గుర్తించినవాటికి సువాసన ఉండటంతో ఆ పేరు వచ్చింది. కోక్ బట్టీల పక్కన నివసించేవారు ఆ పేరును ఒప్పుకుంటారా అన్నది వేరే సంగతి.

ఆంత్రసీన్‌ను 1832లో ఫ్రెంచి రసాయనవేత్తలు డ్యూమా, లోరాన్ తారు నుంచే వేరుచేశారు. 1868-69లో గ్రేబే, లీబర్‌మాన్ దాని నుంచి అలిజరిన్ అనే ఎర్రరంగును తయారుచేయడంతో మంజిష్ఠ సాగు కుప్పకూలింది. మచిలీపట్నం కలంకారీకి ఎరుపునిచ్చిన చిరివేరులో ఉన్నదీ అలిజరినే. బొగ్గు నుంచి వచ్చిన అదే పదార్థం తరువాతి కాలంలో కలంకారీ అద్దకపు తొట్లలోకి కూడా చేరింది.

ఈ తారు అణువులకు మరో గుణం ఉంది. స్వచ్ఛమైన ఆంత్రసీన్‌ను ఆల్కహాలులో కరిగించి అతినీలలోహిత కాంతి కింద ఉంచితే ద్రావణం ఊదా ఛాయ గల నీలి రంగులో వెలుగుతుంది. దీపం ఆర్పిన క్షణంలోనే ఆ వెలుగు కూడా ఆరిపోతుంది. కానీ ద్రావణంలోని ఆక్సిజన్‌ను పూర్తిగా తొలగించి, తగిన పరికరంతో పరిశీలిస్తే, దీపం ఆరిన తరువాత కూడా అదే నీలి వెలుగు మిల్లీసెకన్ల పాటు మిగిలి ఉంటుంది. మనిషికి ఇది లెక్కలోకి రాని వ్యవధి. అణువుకు మాత్రం యుగాలతో సమానం. ఈ ఆలస్యపు వెలుగునే విలంబిత ప్రతిదీప్తి అంటారు. అది ఎలా పుడుతుందో తెలుసుకోవడానికి శాస్త్రలోకానికి దశాబ్దాలు పట్టింది.

రెండు బొంగరాలు

బ్యాంకు కౌంటర్లలో నోట్లను ఊదారంగు దీపం కింద పెట్టి చూడటం చాలామంది గమనించే ఉంటారు. నోటుపై ఉన్న సంఖ్యలు, సన్నని పోగులు ఆ దీపం కింద మెరుస్తాయి. కంటికి కనబడని అతినీలలోహిత కాంతిని గ్రహించి, కంటికి కనబడే కాంతిగా తిరిగి వెలువరించే ఈ ప్రక్రియే ప్రతిదీప్తి. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు జార్జి స్టోక్స్ 1852లో దీనికి ఇంగ్లీషు పేరు పెట్టాడు.

అణువులోపల జరిగేది ఇది. సాధారణ స్థితిలో ఆంత్రసీన్ అణువులోని ఎలక్ట్రాన్లు జంటలు జంటలుగా ఉంటాయి. ప్రతి జంటలోని రెండు ఎలక్ట్రాన్లూ ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు బొంగరాల వంటివి. కాంతి కణాన్ని మింగిన అణువులో ఒక ఎలక్ట్రాన్ పై మెట్టుకు ఎగబాకుతుంది. అప్పుడు కూడా దాని తిరుగుడు దిశ మారదు. జంట విడిపోయినా బొంగరాలు ఎదురెదురుగానే తిరుగుతుంటాయి. ఈ స్థితికి సింగ్లెట్ అని పేరు. ఇక్కడి నుంచి కిందికి దూకడానికి అడ్డేమీ లేదు కనుక ఆంత్రసీన్‌లో ఆ ఎలక్ట్రాన్ సుమారు 5 నానోసెకన్లలో దిగిపోతుంది. నానోసెకను అంటే సెకనులో వంద కోట్లవ వంతు. దిగేటప్పుడు వెలువడే కాంతే తక్షణ ప్రతిదీప్తి.

అయితే ఉత్తేజితమైన అణువులన్నీ ఇలా వెంటనే దిగిపోవు. కొన్నింటిలో ఒక బొంగరం తన దిశను మార్చుకుంటుంది. రెండూ ఒకే వైపు తిరగడం మొదలుపెడతాయి. ఇది ట్రిప్లెట్ స్థితి. దీని శక్తి సింగ్లెట్ కంటే తక్కువ. ఇందులో చిక్కుకున్న ఎలక్ట్రాన్ కిందికి రావాలంటే మళ్లీ దిశ మార్చుకోవాలి. క్వాంటం నియమాలు దానిని దాదాపుగా నిషేధిస్తాయి. ‘దాదాపుగా’ అన్న మాట ఇక్కడ ముఖ్యం. నిషేధం పూర్తిగా ఉంటే ఈ కథే లేదు. ఆ నిషేధాన్ని దాటుకుని అణువు నెమ్మదిగా వెలువరించే కాంతిని స్ఫురదీప్తి అంటారు. శక్తి తక్కువ గనుక దాని రంగు ఎరుపు వైపు జరిగి ఉంటుంది. ఆంత్రసీన్ విషయంలో అది ఎరుపు చివరన, ఇంచుమించు కంటికి ఆనని చోట ఉంటుంది.

ఎక్కువ కాలం నిలిచే ఈ మధ్యస్థ స్థితి ఒకటి ఉండి తీరాలని పోలండ్ భౌతికశాస్త్రజ్ఞుడు యబ్లోన్‌స్కీ 1930లలోనే ప్రతిపాదించాడు. అది ట్రిప్లెట్ స్థితేనని 1943లో సోవియట్ యూనియన్‌లో తెరేనిన్, 1944లో అమెరికాలో లూయిస్, కాషా తేల్చిచెప్పారు. ఒకవైపు యుద్ధం సాగుతుండగా రెండు ఖండాల్లో దాదాపు ఒకే సమయంలో ఒకే నిర్ధారణ వెలువడటం విశేషం.

ఇక్కడ పదాల విషయంలో ఒక జాగ్రత్త అవసరం. తెలుగు శాస్త్ర పరిభాషలో ‘అణువు’ అంటే పరమాణువుల సముదాయం. పత్రికల్లో నిత్యం కనబడే ‘అణుబాంబు’, ‘అణువిద్యుత్తు’లలోని అణువు మాత్రం నిజానికి పరమాణువు. ఈ వ్యాసంలో అణువు అన్నది మొదటి అర్థంలోనే.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ఆలస్యంగా వచ్చే వెలుగు ట్రిప్లెట్ నుంచి వస్తే ఎర్రగా ఉండాలి. ఆంత్రసీన్ ద్రావణంలో అది నీలంగా ఉంది. రంగుల వారీగా విడదీసి చూస్తే అచ్చంగా తక్షణ ప్రతిదీప్తి వర్ణపటంలాగే ఉంది. అంటే ఆ కాంతి వెలువడుతున్నది సింగ్లెట్ స్థితి నుంచే. నానోసెకన్లలో ఖాళీ అయిపోవలసిన సింగ్లెట్‌లో మిల్లీసెకన్ల తరువాత కూడా ఎవరున్నారు? కిందికి జారిన అణువు తిరిగి పైకి ఎక్కి ఉండాలి. అందుకు కావలసిన శక్తి ఎక్కడి నుంచి వచ్చింది?

ఈయోసిన్ మార్గం

ఒక సమాధానం అప్పటికే సిద్ధంగా ఉంది: వేడి. ఎర్ర సిరాలోను, వ్యాధి నిర్ధారణ ప్రయోగశాలల్లో కణజాలానికి రంగు వేయడంలోను వాడే ఈయోసిన్ అనే రంజకంలో ట్రిప్లెట్ స్థితికి, సింగ్లెట్‌కు మధ్య అంతరం సుమారు 0.4 ఎలక్ట్రాన్ వోల్టులు మాత్రమే. గది ఉష్ణోగ్రత వద్ద పరిసరాల నుంచి అణువుకు లభించే సగటు ఉష్ణశక్తి 0.025 ఎలక్ట్రాన్ వోల్టులు. అంటే అంతరం దానికి పదహారు రెట్లు. అటక మీదికి ఎగరడం పసివాడికి అసాధ్యంలా తోచినట్టే ఇదీ అనిపిస్తుంది. అయితే ద్రావణంలో ఈయోసిన్ అణువును చుట్టూ ఉన్న ద్రావణి అణువులు సెకనుకు లక్షల కోట్ల సార్లు ఢీకొంటుంటాయి. అన్ని ప్రయత్నాల్లో ఎప్పుడో ఒకసారి తగినంత తోపు దొరుకుతుంది. అణువు సింగ్లెట్‌లోకి ఎక్కి, అక్కడి నుంచి మామూలుగానే కాంతిని విడిచి దిగుతుంది. ద్రావణాన్ని వేడిచేస్తే ఈ ఆలస్యపు వెలుగు పెరుగుతుంది, చల్లబరిస్తే తగ్గి దాని స్థానంలో స్ఫురదీప్తి మిగులుతుంది. ఈయోసిన్ పేరులోని మొదటి ఇంగ్లీషు అక్షరాన్ని బట్టి దీనిని ‘ఈ-రకం’ విలంబిత ప్రతిదీప్తి అన్నారు.

అర్ధశతాబ్దం పాటు ప్రయోగశాల విశేషంగానే ఉండిపోయిన ఈ మార్గం 2012లో హఠాత్తుగా పరిశ్రమ దృష్టిని ఆకర్షించింది. ఫోన్లు, టీవీల్లో వాడే ఓఎల్‌ఈడీ తెరల్లో అణువులను ఉత్తేజపరచేది కాంతి కాదు, విద్యుత్తు. అలా చేసినప్పుడు నూటికి 25 మాత్రమే సింగ్లెట్లు, మిగిలిన 75 ట్రిప్లెట్లుగా ఏర్పడతాయి. ఇరిడియం, ప్లాటినం వంటి ఖరీదైన లోహాలు చేర్చితే తప్ప ఆ ముప్పాతిక వంతు వెలుగు కాకుండా వృథా అయ్యేది. జపాన్‌లోని క్యుషూ విశ్వవిద్యాలయంలో అదాచి చిహాయా బృందం రూపొందించిన అణువులో సింగ్లెట్, ట్రిప్లెట్‌ల అంతరం 0.1 ఎలక్ట్రాన్ వోల్టు కంటే తక్కువ. అందువల్ల గది వేడికే ట్రిప్లెట్లు పైకెక్కి వెలుగుతాయి. లోహం లేకుండానే అణువు లోపలి సామర్థ్యం 90 శాతం దాటింది. ఆ అణువు నిర్మాణం చూస్తే భిలాయ్‌తో బంధుత్వం గుర్తుకు రాక మానదు. దాని మధ్యనున్న బెంజీన్ వలయానికి నాలుగు వైపులా అతికించినవి కార్బజోల్ ముక్కలు. కార్బజోల్‌ను 1872లో గ్రేబే, గ్లేజర్ తొలిసారి కనుగొన్నది బొగ్గు తారులోని ముడి ఆంత్రసీన్‌లోనే.

పైరీన్ మార్గం

వేడి సిద్ధాంతం ఆంత్రసీన్ దగ్గర మాత్రం కూలిపోతుంది. ఆంత్రసీన్ సింగ్లెట్ శక్తి సుమారు 3.3 ఎలక్ట్రాన్ వోల్టులు, ట్రిప్లెట్ శక్తి 1.8. మధ్య అంతరం 1.5. గది వేడికి ఇది అరవై రెట్లు. ఎన్ని కోట్ల సార్లు ఢీకొన్నా ఆ ఎత్తు ఎక్కించే తోపు దొరకదు. అయినా ద్రావణం ఆలస్యంగా వెలుగుతూనే ఉంది.

ఈ చిక్కుముడిని విప్పినవారు సి.ఎ. పార్కర్, సి.జి. హ్యాచర్డ్. వారు పనిచేసినది విశ్వవిద్యాలయంలో కాదు, ఇంగ్లండ్‌లోని డార్సెట్ ప్రాంతంలో హోల్టన్ హీత్ వద్ద బ్రిటిష్ నౌకాదళానికి చెందిన పదార్థ పరిశోధనశాలలో. వారు వాడిన పరికరం సూత్రం పాతదే. 19వ శతాబ్దంలో ఎడ్మండ్ బెకరెల్ కనిపెట్టిన స్ఫురదీప్తి దర్శినికి అది మెరుగైన రూపం. చీలికలున్న రెండు చక్రాలు వేగంగా తిరుగుతుంటాయి. ఒకటి దీపానికి, ఒకటి కాంతిని పసిగట్టే సాధనానికి అడ్డుగా ఉంటుంది. దీపం తెరుచుకున్నప్పుడు సాధనం మూసుకుంటుంది. దీపం మూసుకున్నాక సాధనం తెరుచుకుంటుంది. దాంతో నానోసెకన్లలో ముగిసే తక్షణ ప్రతిదీప్తి పరికరానికి కనబడదు. ఆలస్యంగా వచ్చేదే కనబడుతుంది.

1962లో ఆంత్రసీన్, ఫినాంథ్రీన్ ద్రావణాలపైన, ఆ మరుసటి ఏడాది పైరీన్‌పైన వారు ప్రచురించిన పత్రాల్లో కీలకమైన పరిశీలన ఒకటుంది. దీపం తీవ్రతను రెట్టింపు చేస్తే మామూలు ప్రతిదీప్తి రెట్టింపవుతుంది. ఈయోసిన్ ఆలస్యపు వెలుగు కూడా రెట్టింపే. కానీ ఆంత్రసీన్ ఆలస్యపు వెలుగు నాలుగింతలైంది. మూడింతలు చేస్తే తొమ్మిదింతలు. ఏదైనా వర్గంలో పెరుగుతోందంటే ఆ పని ఒక్క అణువు వల్ల కావడం లేదని అర్థం. ఇద్దరు కలవాలి.

ఇద్దరు కలిస్తే లెక్క సరిపోతుంది. టికెట్టు ధర ముప్పై మూడు రూపాయలు, చేతిలో ఉన్నది పద్దెనిమిది రూపాయలు అయితే ఒక్కరూ బస్సెక్కలేరు. ఇద్దరి డబ్బూ కలిపితే ముప్పై ఆరు. ఒకరు ఎక్కవచ్చు, మరొకరు దిగిపోవాలి. ద్రావణంలో జరిగేదీ అదే. ట్రిప్లెట్ స్థితిలో ఉన్న రెండు ఆంత్రసీన్ అణువులు తిరుగుతూ తిరుగుతూ ఎదురుపడినప్పుడు ఒకటి తన 1.8 వోల్టులనూ రెండోదానికి ధారపోసి సాధారణ స్థితికి చేరుతుంది. రెండోది 3.6 చేతబట్టుకుని సింగ్లెట్‌లోకి ఎక్కుతుంది. మిగిలిన 0.3ను వేడిగా వదిలేసి, నీలికాంతిని వెలువరించి దిగుతుంది. పైరీన్‌లో ట్రిప్లెట్ శక్తి 2.1, సింగ్లెట్ 3.3 గనుక మిగులు ఇంకా ఎక్కువ. ఈ రెండో మార్గానికి పైరీన్ పేరు మీద ‘పి-రకం’ అని పేరు స్థిరపడింది.

పైరీన్ మరో సాక్ష్యాన్నీ ఇచ్చింది. ఉత్తేజిత పైరీన్ అణువు పక్కనున్న మామూలు పైరీన్‌ను కాసేపు అంటిపెట్టుకుని జంటగా మారుతుందని, ఆ జంట ఊదా బదులు ఆకుపచ్చ కలిసిన నీలంలో వెలుగుతుందని 1954లో జర్మనీలో ఫోర్‌స్టర్, కాస్పర్ కనుగొన్నారు. ఆలస్యపు వెలుగులో ఈ జంటల వాటా తక్షణ వెలుగులోకంటే ఎక్కువగా ఉందని పార్కర్, హ్యాచర్డ్ గమనించారు. రెండు ట్రిప్లెట్లు ఢీకొన్న చోటే వెలుగు పుడుతుంటే, పుట్టే సమయానికే రెండు అణువులు పక్కపక్కన ఉంటాయి. జంటకట్టడానికి అంతకంటే అనువైన పరిస్థితి ఉండదు.

ఒక పరీక్ష ఈ వాదనను మరింత బలపరుస్తుంది. పలుచని ద్రావణాన్ని ద్రవ నైట్రోజన్‌లో ముంచి మైనస్ 196 డిగ్రీలకు చేర్చి గాజులా గడ్డకట్టిస్తే పి-రకం వెలుగు మాయమవుతుంది. అణువులు కదలలేవు గనుక కలుసుకోలేవు. అప్పుడు స్ఫురదీప్తి ఒక్కటే మిగులుతుంది. ఆలస్యపు వెలుగు ఆరిపోయే వేగంలో కూడా తేడా కనబడుతుంది. ట్రిప్లెట్లు ఎంతకాలం నిలుస్తాయో పి-రకం వెలుగు అందులో సగం కాలమే నిలుస్తుంది. రెండు ట్రిప్లెట్లూ ఏకకాలంలో బతికి ఉండాలి గనుక ఇది సహజమే.

పార్కర్ ఇంకొక అడుగు వేశాడు. ప్రోఫ్లేవిన్ అనే రంజకాన్ని ఆంత్రసీన్‌తో కలిపి, ఆంత్రసీన్ నేరుగా గ్రహించలేని తక్కువ శక్తి కాంతిని ప్రసరింపజేశాడు. రంజకం తన ట్రిప్లెట్ శక్తిని ఆంత్రసీన్‌కు అందించింది. రెండు ఆంత్రసీన్లు కలిసి ఎక్కువ శక్తిగల కాంతిని వెలువరించాయి. సూర్యకాంతిలో సౌరఫలకాలు వాడుకోలేని భాగాన్ని ఈ పద్ధతిలో వాడుకునేలా మార్చవచ్చునని నేడు అనేక దేశాల్లో పరిశోధనలు సాగుతున్నాయి.

ఆక్సిజన్ ఉంటే

ఇంత జరుగుతున్నా సీసాలో పోసిన ఆంత్రసీన్ ద్రావణంలో ఇవేవీ ఎందుకు కనబడవు? గాలిలోని ఆక్సిజన్ కారణం. ప్రకృతిలోని స్థిరమైన అణువుల్లో ఆక్సిజన్‌ది వింత స్వభావం. దాని సాధారణ స్థితే ట్రిప్లెట్. ఉత్తేజిత ఆంత్రసీన్ దానిని తాకగానే, అందరికీ ఉన్న నిషేధం వారిద్దరి మధ్య సడలిపోతుంది. ఆంత్రసీన్ తన శక్తిని అప్పగించి సాధారణ స్థితికి వచ్చేస్తుంది. గాలి తగిలిన ద్రావణంలో మిల్లీసెకన్ల పాటు బతకవలసిన ట్రిప్లెట్ మైక్రోసెకను నిండకముందే అంతరిస్తుంది. రెండు ట్రిప్లెట్లు ఎదురుపడే లోపే రెండూ పోతాయి. అందుకే ఈ ప్రయోగాలు చేసేవారు ద్రావణాన్ని గడ్డకట్టించి, పైనున్న గాలిని పంపుతో లాగేసి, మళ్లీ కరిగించే పనిని పదేపదే చేస్తారు. లేదా నైట్రోజన్‌ను బుడగలుగా పంపి ఆక్సిజన్‌ను వెళ్లగొడతారు.

కానీ ఆ శక్తి ఎక్కడికీ పోలేదు. దానిని పుచ్చుకున్న ఆక్సిజన్ సింగ్లెట్ ఆక్సిజన్‌గా మారుతుంది. మామూలు ఆక్సిజన్ కంటే ఇది ఎన్నో రెట్లు చురుకైనది. కొవ్వులను, మాంసకృత్తులను ఆక్సీకరిస్తుంది. ప్రయోగశాలలో వెలుగును పాడుచేసే ఈ చర్యే మనిషి చర్మంపై జరిగితే ఏమవుతుందో తారు పరిశ్రమలో పనిచేసినవారికి ఏనాడో అనుభవం. పిచ్ ధూళి పడిన చర్మానికి ఎండ తగిలితే కొద్ది సేపటికే మంట, ఎరుపు వస్తాయి. ధూళి ఒక్కదానికే రాదు, ఎండ ఒక్కదానికే అంత తీవ్రంగా రాదు. రెండూ కలవాలి. కొన్ని దేశాల్లో పిచ్ ఎత్తే దించే పనులను రాత్రిపూట చేయించిన సందర్భాలున్నాయి. సింగ్లెట్ ఆక్సిజన్ అనే మాట పుట్టకముందే శ్రామికులు దానితో వేగారన్నమాట. మరోవైపు 1925లో అమెరికా వైద్యుడు గోకెర్‌మాన్ ఇదే గుణాన్ని చికిత్సగా మలచి, సోరియాసిస్ రోగులకు తారు పూసి అతినీలలోహిత కాంతి సోకించే పద్ధతిని ప్రవేశపెట్టాడు. మే నెల భిలాయ్ ఎండలో బట్టీ పైకప్పు మీద పనిచేసేవారికి పొడుగు చేతుల దుస్తులు, చేతి తొడుగులు ఎందుకు తప్పనిసరో చెప్పడానికి ఈ ఒక్క రసాయన చర్య చాలు.

వెలుగే పట్టించిన విషం

మంట కొన్ని గంటల్లో చల్లారుతుంది. తారు అసలు ప్రమాదం వేరే ఉంది, అది సంవత్సరాలు తీసుకుంటుంది. లండన్‌లో పొగగొట్టాలు శుభ్రంచేసే కుర్రవాళ్లు పెద్దయ్యాక వారి వృషణాల చర్మంపై క్యాన్సర్ వస్తోందని, మసి అందుకు కారణమని శస్త్రవైద్యుడు పెర్సివల్ పాట్ 1775లో రాశాడు. 1915లో టోక్యోలో యమగివా, ఇచికావా కుందేళ్ల చెవులకు నెలల తరబడి తారు పూసి క్యాన్సర్‌ను పుట్టించగలిగారు. అయితే తారులో వందల పదార్థాలున్నాయి. హంతకుడు ఎవరు?

దీనికి దారి చూపింది ప్రతిదీప్తే. లండన్ క్యాన్సర్ ఆస్పత్రి పరిశోధనశాలలో ఎర్నెస్ట్ కెన్నవే వద్ద పనిచేసిన హీగర్, క్యాన్సర్ కలిగించే తారు భాగాలన్నీ అతినీలలోహిత కాంతి కింద ఒకే విధమైన మూడు పట్టీల వర్ణపటాన్ని ఇస్తున్నాయని గమనించాడు. ఆ పట్టీలు సుమారు 400, 418, 440 నానోమీటర్ల వద్ద ఉన్నాయి. అప్పటి నుంచి తారును ముక్కలుగా విడగొడుతూ పోవడం, ఏ ముక్కలో ఆ మూడు పట్టీలు ప్రకాశవంతంగా కనబడితే దానిని మళ్లీ విడగొట్టడం. ఎలుకపై ప్రయోగించి నెలల తరబడి వేచి చూడవలసిన పని నిమిషాలకు తగ్గింది. రెండు టన్నుల పిచ్‌తో మొదలుపెట్టిన కుక్, హ్యూవెట్, హీగర్ 1933లో కొన్ని గ్రాముల పసుపు స్ఫటికాలను వేరుచేశారు. అదే బెంజో-ఎ-పైరీన్. పైరీన్‌కు మరో వలయం అతికిన అణువు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ (ఐఏఆర్‌సీ) దీనిని, కోక్ ఉత్పత్తి ప్రక్రియను, బొగ్గు తారు పిచ్‌ను మనిషికి క్యాన్సర్ కలిగిస్తాయని నిర్ధారితమైన మొదటి వర్గంలో చేర్చింది.

వర్ణపటాన్ని చదివి పదార్థాన్ని గుర్తుపట్టే విద్య తెలుగువారికి కొత్తది కాదు. విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలో కొచ్చెర్లకోట రంగధామరావు తీర్చిదిద్దిన వర్ణపట పరిశోధనశాల దేశంలోనే ఆ రంగంలో పేరెన్నికగన్నది. సోవియట్ శాస్త్రజ్ఞులదీ ఇందులో పెద్ద చెయ్యే. 1952లో మాస్కోలో ష్పోల్‌స్కీ బృందం ఇటువంటి అణువులను తగిన హైడ్రోకార్బన్ ద్రావణిలో అతిశీతలంగా గడ్డకట్టిస్తే వెడల్పాటి పట్టీల బదులు సన్నని గీతలు వస్తాయని కనుగొంది. తారు వంటి మిశ్రమంలో బెంజో-ఎ-పైరీన్‌ను పసిగట్టడానికి ఆ పద్ధతి విస్తృతంగా వాడుకలోకి వచ్చింది.

ఆలస్యపు వెలుగుకు కూడా ఈ పనిలో వాటా ఉంది. ఫినాంథ్రీన్, ఆంత్రసీన్ ఒకే సంఖ్యలో కర్బన, హైడ్రోజన్ పరమాణువులున్న అన్నదమ్ములు. తారులో కలిసే ఉంటారు, విడదీయడం కష్టం. ఫినాంథ్రీన్ ట్రిప్లెట్ శక్తి ఎక్కువ, ఆంత్రసీన్‌ది తక్కువ. అందువల్ల ఫినాంథ్రీన్ ద్రావణంలో ఆంత్రసీన్ లేశమాత్రం ఉన్నా ట్రిప్లెట్ శక్తి అంతా పల్లానికి పారే నీటిలా దానివైపు చేరుతుంది. మామూలు ప్రతిదీప్తిలో కనబడని మలినం ఆలస్యపు ప్రతిదీప్తిలో బయటపడుతుంది. శుద్ధి చేశామనుకున్న నమూనా నిజంగా శుద్ధమేనా అని తేల్చడానికి ఇంతకంటే నిష్కర్షైన పరీక్షలు అరుదు.

శ్రామికుడి శరీరంలోకి ఎంత చేరింది అన్న ప్రశ్నకు జవాబిచ్చేది కూడా పైరీనే. పైరీన్ తనంతట తాను మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని ఆధారాలు లేవు. కానీ తారు పొగ ఉన్నచోటల్లా అది ఉంటుంది, చర్మం ద్వారానూ శ్వాస ద్వారానూ లోపలికి వెళ్తుంది. కాలేయం దానిని 1-హైడ్రాక్సీపైరీన్‌గా మార్చి మూత్రంలోకి పంపుతుంది. వారాంతపు షిఫ్టు ముగిశాక తీసిన మూత్ర నమూనాలోని పదార్థాలను క్రొమటోగ్రఫీతో విడదీసి, ప్రతిదీప్తి సాధనం ముందు నుంచి పంపితే ఈ అణువు తన నీలి వెలుగుతో ఎంత మోతాదులో ఉందో చెబుతుంది. గాలిలోని పొగను కొలిచే పరికరం గాలి సంగతే చెబుతుంది. తొడుగు చిరిగిందా, మాస్కు సరిగా పెట్టుకున్నాడా, బట్టలకు అంటిన తారు చర్మానికి చేరిందా అన్నవి మూత్రమే చెబుతుంది. శరీరంలో దీని పరిమాణం సుమారు 18 గంటల్లో సగానికి తగ్గుతుంది. కనుక నమూనా ఎప్పుడు తీశారన్నది అంకెలాగే ముఖ్యం. సెలవు తరువాత సోమవారం ఉదయం తీస్తే ఫలితం తక్కువగానే వస్తుంది, దానిని చూపి అంతా బాగుందని అనుకోవడానికి వీల్లేదు. ధూమపానం చేసేవారిలో ఈ అంకె కొంత పెరిగి ఉంటుంది కనుక ఆ వివరమూ నమోదు చేయాలి.

గాలి విషయంలో దేశంలో ప్రమాణాలు ఉన్నాయి. 2009లో నోటిఫై చేసిన జాతీయ పరిసర వాయు నాణ్యతా ప్రమాణాల ప్రకారం నివాస ప్రాంతాల్లో బెంజో-ఎ-పైరీన్ వార్షిక సగటు ఘనపు మీటరు గాలిలో 1 నానోగ్రామును మించరాదు. కోక్ బట్టీ పైభాగంలో పని ప్రదేశానికి నిర్దేశించిన పరిమితి 5 మైక్రోగ్రాములు, కోక్ విభాగంలోని ఇతర చోట్ల 2 మైక్రోగ్రాములు. మైక్రోగ్రాము నానోగ్రాముకు వెయ్యి రెట్లు. అంటే బట్టీ పైన ఎనిమిది గంటలు నిలబడే వ్యక్తికి అనుమతించిన గాలికి, షిఫ్టు ముగించుకుని ఆయన చేరుకునే వీధిలోని గాలికి మధ్య చట్టం ఒప్పుకున్న తేడాయే ఐదు వేల రెట్లు. బట్టీ తలుపుల అంచుల నుంచి, బొగ్గు పోసే మూతల నుంచి పొగ కారకుండా బిగించడం, పైకప్పు మీద ఒకే వ్యక్తిని ఎక్కువసేపు ఉంచకుండా మార్చడం, పని బట్టలను ఇంటికి పంపకుండా కర్మాగారంలోనే ఉతికించడం ఈ తేడాను తగ్గించే మార్గాలు. చివరిది వినడానికి చిన్నదే. కానీ తారు అంటిన చొక్కాను ఇంట్లో చేత్తో ఉతికే మనిషి పేరు ఏ కర్మాగారపు వైద్య పరీక్షల జాబితాలోనూ ఉండదు.